మాడ్యులర్ సింథ్‌లో మొదటి వాయిస్: కేబుల్ ఎక్కడికన్నది కాదు, ఎంత పంపామన్నది

వీసీవీ ర్యాక్ (కంప్యూటర్‌లో నడిచే మాడ్యులర్ సింథ్, అంటే ఒక్కో పని చేసే మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపి శబ్దం పుట్టించే వాద్యం) దించుకున్నానని, వీడియోల్లో చూపినట్టే కేబుళ్లు కలిపినా ఒకసారి మోగి మరోసారి మోగడం లేదని, ఇన్ని మాడ్యూళ్లలో ఏది ముందు నేర్చుకోవాలో తోచడం లేదని అడిగారు. హార్డ్‌వేర్ ఎప్పుడు కొనాలన్నది మీ రెండో ప్రశ్న. రెంటికీ కలిపి చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కే ఇది. ఏ కేబుల్ ఎక్కడికి వెళ్లిందో కంటికి కనిపిస్తుంది, దాంట్లో ఎంత వోల్టేజీ వెళ్తోందో కనిపించదు. శబ్దం బాగుందా లేదా అన్నది చాలావరకు ఆ కనిపించని దాని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే కింద వీలైన చోటల్లా అంకెలు ఇస్తున్నాను. వాటిని కంఠస్థం చేయనక్కర్లేదు, ఏ నాబ్ ఏ మేరకు తిప్పాలో చేతికి అలవాటయ్యేదాకా పక్కన పెట్టుకోండి.

మాడ్యూళ్ల జాబితా మూసేయండి. కొత్త ప్యాచ్ (మాడ్యూళ్ల, కేబుళ్ల అమరిక) తెరిచి అందులో ఉన్నవన్నీ తీసేయండి. ఒక వీసీవో (స్వరం పుట్టించే ఆసిలేటర్), ఒక వీసీఎఫ్ (ఫిల్టర్), ఒక వీసీఏ (శబ్దం స్థాయిని మార్చేది), రెండు ఏడీఎస్‌ఆర్‌లు (స్వరం ఎలా లేచి ఎలా తగ్గాలో చెప్పే ఎన్వలప్‌లు), ఒక ఎల్‌ఎఫ్‌వో (నెమ్మదిగా ఊగే వోల్టేజీ ఇచ్చేది), కీబోర్డు కోసం మిడి-టు-సీవీ (కీ నొక్కులను సీవీగా, అంటే కంట్రోల్ వోల్టేజీగా మార్చేది), రెండు అటెన్యుయేటర్లు (పంపే వోల్టేజీని తగ్గించేవి), ఒక నాయిస్ (బుస్సుమనే శబ్దం ఇచ్చేది), బయటికి శబ్దం పంపే ఆడియో మాడ్యూల్, ఒక స్కోప్. అంతే. స్కోప్‌ను మాత్రం అలంకారం అనుకోవద్దు, కనిపించని వోల్టేజీని చూపించేది అదే. కనీసం నెల రోజులు ఇంకేదీ చేర్చకండి.

ముడిసరుకు

మనం వాడబోయే పద్ధతిని సబ్‌ట్రాక్టివ్ అంటారు, అంటే తీసివేత. అవసరానికి మించి హార్మోనిక్స్ (మూల ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతలు ఇలా పైన పలికేవి) ఉన్న శబ్దాన్ని ముందు పుట్టించి, అక్కర్లేనివి ఫిల్టర్‌తో తీసేస్తాం. కాబట్టి తీసేయడానికి అందులో ఏముందో ముందు వినాలి. ఆడియో వాల్యూమ్ బాగా తగ్గించి, వీసీవోను 110 హెర్ట్జ్‌కు పెట్టి, సా వేవ్‌ను (రంపపు పళ్ల ఆకారపు తరంగం) నేరుగా ఆడియో మాడ్యూల్‌కు కలపండి. దాంట్లో 110, 220, 330, 440 ఇలా వరసగా అన్ని హార్మోనిక్స్ ఉంటాయి. రెండోది సగం, మూడోది మూడో వంతు, ఇలా బలం తగ్గుతూ పోతుంది. స్క్వేర్ వేవ్‌లో బేసి సంఖ్యలవే ఉంటాయి: 110, 330, 550. అందుకే అది బోలుగా, వెదురు గొట్టంలోంచి వచ్చినట్టు ఉంటుంది. ట్రయాంగిల్‌లోనూ బేసివే, కానీ మూడోది తొమ్మిదో వంతు, ఐదోది ఇరవై ఐదో వంతు. అంటే దాదాపు సైన్ వేవే, పై హార్మోనిక్స్ లేని నున్నటి తరంగం. ట్రయాంగిల్‌ను లోపాస్ (కింది ఫ్రీక్వెన్సీలను పోనిచ్చి పైవి తగ్గించే) ఫిల్టర్‌లోకి పంపి, నాబ్ ఎంత తిప్పినా తేడా తెలియడం లేదని ఫిల్టర్‌ను అనుమానించకండి. తీయడానికి అందులో పెద్దగా ఏమీ లేదు.

స్క్వేర్ పల్స్ వెడల్పు మార్చగలిగితే ఇంకో సంగతి తెలుస్తుంది. వెడల్పు, అంటే ఒక్కో చక్రంలో తరంగం పైన ఉండే వంతు, 50 శాతం ఉంటే రెండో, నాలుగో, ఆరో హార్మోనిక్ ఉండవు. 25 శాతానికి తెస్తే ప్రతి నాలుగోది మాయమవుతుంది, 33 శాతం దగ్గర ప్రతి మూడోది. 10 శాతం కంటే సన్నబడితే ముక్కుతో పలికినట్టవుతుంది. ఈ వెడల్పును ఎల్‌ఎఫ్‌వోతో నెమ్మదిగా, 0.3 నుంచి 0.6 హెర్ట్జ్ మధ్య ఊపితే ఒక్క ఆసిలేటరే ఇద్దరు కలిసి వాయించినట్టు వినిపిస్తుంది. 0 శాతానికో 100 శాతానికో చేరిందంటే తరంగమే ఉండదు, శబ్దం తెగిపోతుంది. ఊపు మరీ ఎక్కువ పెట్టినప్పుడు మధ్యమధ్య మూగబోవడానికి కారణం అదే.

ఫిల్టర్‌ను చెవితో చదవడం

ఈ ఒక్క అభ్యాసం మీద పది రోజులు పెట్టినా దండగ కాదు. సా వేవ్ 110 హెర్ట్జ్, లోపాస్ ఫిల్టర్, రెజొనెన్స్ (కోత పడే చోటు దగ్గరి ఫ్రీక్వెన్సీలను పెంచేది) ముప్పావుకు పైన. ఇప్పుడు కటాఫ్‌ను (కోత మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) 100 హెర్ట్జ్ నుంచి 2000 దాకా అర నిమిషం పట్టేంత నెమ్మదిగా తిప్పండి. జారుడు శబ్దం రాదు. మెట్లు వినిపిస్తాయి. ఫిల్టర్ శిఖరం ఒక్కో హార్మోనిక్ మీదికి వచ్చినప్పుడల్లా అది విడిగా ఈల వేసినట్టు మోగుతుంది: ముందు 110, తర్వాత పై స్థాయి షడ్జమం, తర్వాత దాని పంచమం, ఆపైన రెండో పై షడ్జమం. అదే పని స్క్వేర్‌తో చేస్తే మొదటి మెట్టు నుంచి నేరుగా పంచమానికి దూకుతుంది, మధ్యలో షడ్జమం ఉండదు. హార్మోనిక్స్ అన్న మాట పుస్తకంలోంచి చెవిలోకి దిగేది ఇక్కడే.

కటాఫ్ అంటే గోడ కాదు, వాలు. 12 డెసిబెల్ వాలున్న ఫిల్టర్ కటాఫ్‌కు పైన ప్రతి ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే దూరం) సుమారు నాలుగో వంతుకు తగ్గిస్తుంది, 24 డెసిబెల్‌ది పదహారో వంతుకు. 500 దగ్గర కోత పెడితే 2000 హెర్ట్జ్‌లో ఉన్నది రెండోదాంట్లో దాదాపు వినిపించదు, మొదటిదాంట్లో ఇంకా పలుకుతుంది. బేస్ బిగువుగా ఉండాలంటే 24, గాలి ఆడే ప్యాడ్‌లకు (నెమ్మదిగా పరుచుకునే స్వరాలు) 12 బాగుంటాయి. ఇది నా అభిరుచి, నియమం కాదు.

రెజొనెన్స్ పెంచితే బేస్ సన్నబడిపోతోందని చాలామంది అంటుంటారు. ల్యాడర్ రకం ఫిల్టర్ల స్వభావమే అది. అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని తిరగేసి ఇన్‌పుట్‌కు వెనక్కి పంపడం వల్ల శిఖరం లేస్తుంది, కింది భాగం దిగుతుంది. బేస్ లైన్‌కు రెజొనెన్స్ మూడో వంతు దాటకుండా చూసుకుంటే చాలు. పూర్తిగా పెంచితే ఇన్‌పుట్ లేకపోయినా ఫిల్టర్ తనంతట తానే సైన్ వేవ్ పాడడం మొదలుపెడుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఈ ప్రయోగం చేసేటప్పుడు వాల్యూమ్ ముందే తగ్గించండి. ఆ కూత చెవికి నిజంగా హాని చేస్తుంది.

ఎన్వలప్: మూడు సమయాలు, ఒక స్థాయి

వీసీఏ లేకపోతే శబ్దం ఆగదు. వీసీవో ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. కీ నొక్కినప్పుడు తలుపు తెరిచి, వదిలినప్పుడు మూసేది వీసీఏ. ఆ తలుపును ఎంత వేగంగా, ఎంతమేర తెరవాలో చెప్పేది ఏడీఎస్‌ఆర్. అటాక్, డికే, రిలీజ్ ఈ మూడూ సమయాలు. సస్టెయిన్ ఒక్కటి స్థాయి. నాలుగూ ఒకే వరసలో ఒకే రకం నాబ్‌లుగా ఉండడంతో సస్టెయిన్‌ను కూడా ‘ఎంతసేపు’ అనుకుని పొరబడతారు. మీటిన తీగలాంటి శబ్దం కావాలంటే సస్టెయిన్‌ను 0 చేయండి, డికే 300 మిల్లీసెకన్లు, రిలీజ్ కూడా అంతే. రిలీజ్‌ను 0 దగ్గర వదిలేస్తే, కీ త్వరగా వదిలినప్పుడు స్వరం కత్తెరతో కోసినట్టు ఆగిపోతుంది.

ప్రతి స్వరం మొదట్లో ‘టిక్’ మంటోందా? అటాక్ 0 దగ్గర ఉంది. తరంగం ఏ ఎత్తులో ఉన్నా తలుపు ఒక్కసారిగా తెరుచుకోవడంతో వోల్టేజీ గెంతుతుంది, ఆ గెంతే టిక్. అటాక్ 2 నుంచి 5 మిల్లీసెకన్లు, రిలీజ్ కనీసం 10 పెట్టండి. డ్రమ్ శబ్దాలకైతే ఆ టిక్ మంచిదే, ఉంచేయండి.

గేట్‌కూ ట్రిగర్‌కూ తేడా తెలియకపోతే గంటలు వృథా అవుతాయి. గేట్ అంటే కీ నొక్కి ఉన్నంతసేపూ పైనుండే వోల్టేజీ. ట్రిగర్ అంటే కొద్ది మిల్లీసెకన్లలో వచ్చిపోయే పోటు. ట్రిగర్ ఇస్తే ఏడీఎస్‌ఆర్ సస్టెయిన్ దశకు చేరే అవకాశమే లేదు. అటాక్ 500 మిల్లీసెకన్లు పెట్టి, 5 మిల్లీసెకన్ల ట్రిగర్ ఇస్తే ఎన్వలప్ నేల మీంచి లేవనే లేవదు, శబ్దమూ రాదు. సీక్వెన్సర్ (స్వరాలను వరసగా తానే వాయించేది) కలిపినప్పుడు ప్యాడ్ మూగబోతే ముందు చూడాల్సింది ఇదే.

అసలు లెక్క

ర్యాక్‌లోనూ, యూరోర్యాక్‌లోనూ (హార్డ్‌వేర్ మాడ్యూళ్ల ప్రమాణం) స్వరస్థానం వోల్ట్‌కు ఒక ఆక్టేవ్ చొప్పున నడుస్తుంది. 1 వోల్ట్ పెరిగితే ఫ్రీక్వెన్సీ రెట్టింపు. ఆక్టేవ్‌లో 12 అరస్వరాలు కాబట్టి ఒక్కోటీ 83.3 మిల్లీవోల్టులు. అరస్వరాన్ని మళ్లీ 100 సెంట్లుగా విడగొడితే సెంటు 0.83 మిల్లీవోల్టు. వీసీవీ ర్యాక్‌లో 0 వోల్టులంటే మధ్య సి, 261.63 హెర్ట్జ్.

ఇప్పుడు స్వరానికి కొంచెం కంపనం కావాలనుకుందాం. ఎల్‌ఎఫ్‌వో 5.5 హెర్ట్జ్, ఊపు అటూ ఇటూ 30 సెంట్లు. అంటే 25 మిల్లీవోల్టులు. కానీ ఎల్‌ఎఫ్‌వో ఇచ్చేది అటూ ఇటూ 5 వోల్టులు. నేరుగా కలిపితే స్వరం ఐదు ఆక్టేవులు పైకి, ఐదు కిందికి పరుగెత్తి సైరన్ అవుతుంది. కావలసింది అందులో 200వ వంతు, అంటే అటెన్యుయేటర్‌ను కనీకనిపించనంత తెరవడం. ఒక అటెన్యుయేటర్‌తో అంత సన్నగా కుదరకపోతే రెండింటిని వరసగా కలపండి. పది శాతంలో ఐదు శాతం అంటే సరిగ్గా 200వ వంతే. ఇంకో మెలిక ఉంది. కొన్ని ఎల్‌ఎఫ్‌వోలు 0 నుంచి 10 వోల్టుల మధ్యే ఊగుతాయి. వాటితో స్వరం పైకి మాత్రమే జరుగుతుంది, వాద్యం మొత్తం శ్రుతి పెరిగినట్టు వినిపిస్తుంది. ఆఫ్‌సెట్ బటన్ ఉంటే ఆపేయండి.

ఫిల్టర్ విషయంలోనూ లెక్క ఇదే. ఏడీఎస్‌ఆర్ 0 నుంచి 10 వోల్టులు ఇస్తుంది. కటాఫ్ 200 హెర్ట్జ్ దగ్గరుంది, దెబ్బ పడగానే 3200కు వెళ్లి దిగాలి. 200, 400, 800, 1600, 3200 అంటే నాలుగు ఆక్టేవులు, నాలుగు వోల్టులు. అటెన్యుయేటర్ 40 శాతం. కటాఫ్ నాబ్ ముందే పూర్తిగా తెరిచి ఉంటే ఎన్వలప్ ఎంత పంపినా వినిపించదు, పైకి వెళ్లడానికి చోటు లేదు మరి. ‘ఎన్వలప్ కలిపినా ఏమీ మారలేదు’ అనేవాళ్లలో సగం మందికి జబ్బు ఇదే. మిగతా సగం మంది ఫిల్టర్ మీద సీవీ జాక్ పక్కనున్న చిన్న నాబ్‌ను సున్నా దగ్గరే వదిలేస్తారు.

మొదటి బేస్

వరసగా చేయండి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి వినండి.

1. మిడి-టు-సీవీలో పిచ్‌ను వీసీవోకు, గేట్‌ను రెండు ఏడీఎస్‌ఆర్‌లకూ కలపండి.
2. సా వేవ్‌ను ఫిల్టర్‌కు, దాని లోపాస్ అవుట్‌పుట్‌ను వీసీఏకు, వీసీఏను ఆడియోకు.
3. మొదటి ఏడీఎస్‌ఆర్ వీసీఏకు: అటాక్ 3 మిల్లీసెకన్లు, డికే 400, సస్టెయిన్ 70 శాతం, రిలీజ్ 60.
4. కటాఫ్ 180 హెర్ట్జ్, రెజొనెన్స్ 20 శాతం. ఇప్పుడు మొద్దుగా, దుప్పటి కప్పినట్టు వినిపించాలి.
5. రెండో ఏడీఎస్‌ఆర్ ఫిల్టర్‌కు, 35 నుంచి 40 శాతం: అటాక్ 0, డికే 220, సస్టెయిన్ 10 శాతం, రిలీజ్ 60.

ఇక్కడ రెండో ఎన్వలప్ డికే ఒక్కటే మారుస్తూ వాయించండి. 60 మిల్లీసెకన్ల దగ్గర చెక్క మీద తట్టినట్టు, 220 దగ్గర మీటిన తీగలా, 900 దగ్గర ‘వావ్’ అని నోరు మూసినట్టు ఉంటుంది. అదే ఎన్వలప్ అటాక్‌ను 60, 80 మిల్లీసెకన్ల మధ్యకు జరిపి, సస్టెయిన్ 60 శాతం చేసి, రెండు ఆక్టేవులు పైన వాయిస్తే ఇత్తడి బూరల ఛాయ వస్తుంది. ఊది వాయించే లోహ వాద్యాల్లో గాలి పెరిగే కొద్దీ పై హార్మోనిక్స్ ఆలస్యంగా చేరతాయి, మనం ఫిల్టర్‌తో చేసింది అదే.

పై స్వరాలు మూగగా, కింది స్వరాలు కరుకుగా ఉంటే కీ ట్రాకింగ్ (స్వరంతో పాటు కటాఫ్ కూడా జరగడం) లేదన్నమాట. పిచ్ సీవీ నుంచి ఇంకో కేబుల్ తీసి ఫిల్టర్ కటాఫ్‌కు కూడా కలపండి, 50 శాతంతో మొదలుపెట్టండి.

కిక్ డ్రమ్‌కు ఫిల్టరే అక్కర్లేదు. సైన్ వేవ్ 50 హెర్ట్జ్ దగ్గర, పిచ్‌కు 50 మిల్లీసెకన్ల డికే ఉన్న ఎన్వలప్ 20 శాతం, అంటే 2 వోల్టులు. 200 హెర్ట్జ్ నుంచి 50కి పడిపోతుంది. వీసీఏ డికే 300. హై-హ్యాట్‌కు నాయిస్‌ను 7000 హెర్ట్జ్ హైపాస్ (పై ఫ్రీక్వెన్సీలను మాత్రమే పోనిచ్చే ఫిల్టర్) గుండా పంపి, వీసీఏ డికే 50 పెడితే సరి.

రెండో ఆసిలేటర్

నెల తర్వాత చేర్చండి. రెండు సా వేవ్‌లను 7 సెంట్ల తేడాతో పెడితే శబ్దం లావెక్కుతుంది. కారణం బీట్లు: సెకనుకు ఎన్ని బీట్లు అన్నది రెండు ఫ్రీక్వెన్సీల తేడా. 110 హెర్ట్జ్ దగ్గర 7 సెంట్లంటే 0.45 హెర్ట్జ్, రెండు సెకన్లకు పైగా పట్టే నెమ్మది ఊపు. అదే 7 సెంట్లు 880 దగ్గర సెకనుకు 3.6 బీట్లు. బేస్‌కు అందంగా ఉన్న తేడా పైస్వరాల్లో శ్రుతి తప్పినట్టు ఎందుకు అనిపిస్తుందో దీంతో తెలుస్తుంది. కింద 8 నుంచి 10 సెంట్లు, పైన 3, 4 చాలు.

ఒక్కోటీ అటూ ఇటూ 5 వోల్టులు కాబట్టి కలిస్తే 10 దాకా వెళ్తాయి. మిక్సర్‌లో రెండింటినీ సగానికి తగ్గించకపోతే ఫిల్టర్ నలిగిపోయి గరగరలాడుతుంది. ఆ గరగర కావాలనుకుంటే వేరే సంగతి, కానీ కావాలనుకుని తెచ్చుకోండి.

మోగనప్పుడు

మొదట్నుంచి ఒక్కో మెట్టే ముందుకు వెళ్లండి. వీసీవోను నేరుగా ఆడియోకు కలపండి. మోగిందా? అయితే ఫిల్టర్ అవుట్‌పుట్‌ను కలపండి. ఇక్కడ ఆగిపోతే కటాఫ్ అడుగున ఉంది, లేదా లోపాస్‌కు బదులు హైపాస్ జాక్‌లో గుచ్చారు. ఫిల్టర్ దాకా బాగుంటే ఏడీఎస్‌ఆర్ అవుట్‌పుట్‌ను స్కోప్‌లో పెట్టి కీ నొక్కండి, గీత లేవాలి. లేవకపోతే గేట్ రావడం లేదు. లేచినా శబ్దం లేకపోతే ఎన్వలప్‌ను వీసీఏ సీవీకి బదులు ఆడియో ఇన్‌పుట్‌లో గుచ్చి ఉంటారు. రెండు జాక్‌లూ ఒకేలా ఉంటాయి కనుక ఇది అందరూ చేసే తప్పే. కీ వదిలినా శబ్దం ఆగకపోతే వీసీఏ మీద బయాస్ నాబ్ (తలుపును ఎప్పుడూ కొంత తెరిచి ఉంచేది) ఏదో పైకి ఉంది.

మాడ్యులర్‌లో ఆడియో, కంట్రోల్ అని రెండు జాతుల కరెంటు లేదు. రెండూ వోల్టేజీలే. 5 హెర్ట్జ్ ఎల్‌ఎఫ్‌వోను 200కు పెంచితే కంపనం కాస్తా ఎఫ్‌ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) అవుతుంది, కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. ‘ఇక్కడ గుచ్చితే పాడవుతుందా’ అన్న భయం సాఫ్ట్‌వేర్‌లో అస్సలు అక్కర్లేదు. రెండూ ఒకటే అన్నదానికి ఒక్క మినహాయింపు: కొన్ని ఆడియో మిక్సర్లలో కెపాసిటర్ ఉండి స్థిరమైన వోల్టేజీని, మరీ నెమ్మదైన ఎల్‌ఎఫ్‌వోను దాటనివ్వవు. పిచ్ సీవీలను అలాంటివాటిలో కలపకూడదు.

ఇప్పటిదాకా చెప్పిన ఆసిలేటర్-ఫిల్టర్-వీసీఏ వరస 1964లో న్యూయార్క్ రాష్ట్రంలో రాబర్ట్ మోగ్ మొదలుపెట్టిన దారి. 1970 నాటి మినీమోగ్ సింథ్‌తో అది స్థిరపడింది. దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియాలో డాన్ బుక్లా వేరే దారి పట్టాడు. సైన్ వేవ్‌ను మడతలు వేసి హార్మోనిక్స్ చేర్చడం, ఫిల్టర్, వీసీఏ ఒకటిగా పనిచేసే లోపాస్ గేట్, నల్లతెల్ల మెట్ల కీబోర్డుకు బదులు తాకుడు పలకలు. అక్కడ తీసివేతకంటే కూడికే ఎక్కువ. వేవ్‌ఫోల్డర్ అన్న మాట కనిపిస్తే ఈ కుటుంబమని గుర్తుపట్టండి, కానీ ఇప్పుడే అటు వెళ్లకండి.

హార్డ్‌వేర్ సంగతి

పై బేస్ ప్యాచ్‌ను ఖాళీ తెర మీద, ఏమీ చూడకుండా ఐదు నిమిషాల్లో కట్టగలిగినప్పుడు ఆలోచించండి. అప్పుడైనా మొదటి కొనుగోలుగా సెమీ-మాడ్యులర్ సింథ్ మేలు. లోపలే కలిపిన వరస ఉంటుంది, కేబుల్ లేకుండానే మోగుతుంది, గుచ్చిన చోట మాత్రమే ఆ వరస మారుతుంది. పాత వాద్యం కొంటుంటే వోల్టేజీ ప్రమాణం అడగండి. 1978 నాటి కోర్గ్ ఎంఎస్-20 వోల్ట్‌కు ఆక్టేవ్ కాదు, వోల్ట్‌కు హెర్ట్జ్ లెక్కన నడుస్తుంది. మార్పిడి మాడ్యూల్ లేకుండా యూరోర్యాక్‌తో శ్రుతి కలవదు.

యూరోర్యాక్ అయితే పలక ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు హెచ్‌పీల్లో, ఒక హెచ్‌పీ 5.08 మిల్లీమీటర్లు. 84 హెచ్‌పీ పెట్టె దాదాపు 427 మిల్లీమీటర్లు. కొనే ముందు ప్రతి మాడ్యూల్ ప్లస్ 12, మైనస్ 12 లైన్లలో ఎన్ని మిల్లీయాంపులు తాగుతుందో రెండు వరసలుగా కూడండి. ఏ లైనూ సప్లై సామర్థ్యంలో 75 శాతం దాటకూడదు, ఆన్ చేసిన క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతాయి. పవర్ రిబ్బన్ కేబుల్‌లో ఎర్ర గీత మైనస్ 12 వైపు. కరెంటు ఆపి, రెండు చివరలూ చూసి, అప్పుడే గుచ్చండి. తిరగేసి పెడితే రక్షణ లేని మాడ్యూల్ ఒక్క క్షణంలో కాలిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో లేని భయం ఇక్కడ ఇదొక్కటే, కానీ అసలైనదే.

ఆసిలేటర్లు పోగేసి వీసీఏలు, అటెన్యుయేటర్లు మరచిపోవడం కొత్తవాళ్ల పెట్టెల్లో మామూలే. ఒక ఆసిలేటర్‌కు మూడు వీసీఏలున్నా ఎక్కువ కాదు. ఒకటి శబ్దానికి, మిగతావి ఎల్‌ఎఫ్‌వో, ఎన్వలప్‌ల మోతాదును మరో వోల్టేజీతో మార్చడానికి. పిచ్‌ను పంచడానికి పాసివ్ మల్టిపుల్ (ఒక వోల్టేజీని నేరుగా పలు చోట్లకు చీల్చే జాక్‌లు) వాడితే జాగ్రత్త. 1 కిలో-ఓమ్ అవుట్‌పుట్, 100 కిలో-ఓమ్‌ల ఇన్‌పుట్ అనుకుంటే కలిపిన ప్రతి ఇన్‌పుట్‌కూ సుమారు ఒక శాతం వోల్టేజీ పడిపోతుంది. 3 వోల్టుల దగ్గర అది 30 మిల్లీవోల్టులు, 36 సెంట్లు, చెవికి స్పష్టంగా తెలిసే అపశ్రుతి. పిచ్‌కు బఫర్డ్ మల్టిపుల్ (వోల్టేజీ పడిపోకుండా పంచేది), గేట్లకు పాసివ్ సరిపోతాయి. అనలాగ్ ఆసిలేటర్లను ఆన్ చేసిన అరగంటకు శ్రుతి చేయండి, వేడెక్కేదాకా జారుతూనే ఉంటాయి.

రికార్డింగ్‌కు మాడ్యులర్ నుంచి వచ్చేది 5 వోల్టుల శిఖరం, సైన్ వేవ్ అయితే 3.5 వోల్టుల ఆర్‌ఎంఎస్ (ఊగే వోల్టేజీ ప్రభావ విలువ). ఇళ్లలోని పరికరాల లైన్ స్థాయి 0.316 వోల్టులు, 21 డెసిబెల్ తేడా. మధ్యలో అవుట్‌పుట్ మాడ్యూల్ పెట్టండి, లేదా చివరి వీసీఏను పదో వంతు దగ్గర ఉంచి మొదలుపెట్టి, ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌కు చేర్చే పెట్టె) మీటర్ చూస్తూ పైకి జరపండి.